రెండో చిల్లు

రేవు పక్క ఇల్లు,
మార్చి 6

చిన్నోడా,

ఎప్పుడు ఫోన్ చేసినా నీ నంబరు మోగి మోగి ఆగిపోతోంది. నువ్వు కావాలనే ఎత్తడం లేదని తెలుసు. అందుకని కాగితం తీశాను. కాగితమైతే కోపం వచ్చినప్పుడు పక్కన పడేసి, కోపం తగ్గాక తీసి చదువుకోవచ్చు.

విషయం పడవ గురించి. మీ బావ పడిపోయిన దగ్గర్నుంచి, అంటే ఆరేళ్ళుగా, దీన్ని నేనే నడుపుతున్నాను. పొద్దున ఆరింటికి మొదలుపెడితే అటు నాలుగు, ఇటు నాలుగు ట్రిప్పులు. పధ్నాలుగు మంది ఎక్కుతారు. దీవిలో చిన్న ఆసుపత్రికి పనికి వెళ్ళే నర్సమ్మ, బడి పంతుళ్ళు ఇద్దరు, ఇవతలికి మందుల కోసం వచ్చే ముసలివాళ్ళు. ఇప్పుడు రేవు ఆఫీసు కొత్త నియమం పెట్టింది. నిండు బరువుతో, పోటుకి ఎదురుగా, ముప్పై నిమిషాల్లో అవతలి ఒడ్డు చేరాలి. చేరకపోతే పర్మిట్ రద్దు. జూన్ పద్దెనిమిదిన పరీక్ష. ఓడిపోతే ఈ దారి పెద్ద పడవ వాళ్ళకి వెళ్ళిపోతుంది. పెద్ద పడవ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వస్తుంది. మధ్యలో ఎవరికైనా గుండెనొప్పి వస్తే సాయంత్రం దాకా ఆపుకోమనాలి కాబోలు.

నాకు నలభై రెండు నిమిషాలు పడుతోంది.

వేగం పెంచే పిడి పూర్తిగా తిప్పినా అంతే. ఇంజను గొంతు చించుకుంటుంది, పడవ మాత్రం ముక్కు పైకెత్తి నీళ్ళని దున్నుకుంటూ పోతుంది. వెనక కూర్చున్నవాళ్ళు తడిసి ముద్దవుతున్నారు. ఇక్కడి మెకానిక్కు వచ్చి, చేతులు వెనక్కి పెట్టుకుని చూసి, "ఇంజను ముసలిదైపోయింది, మార్చెయ్యండి" అన్నాడు. ముసలిదాన్నయింది నేను. ఇంజను కాదు.

నువ్వు మళ్ళీ మోటారు ముట్టుకోనని ఒట్టేసుకున్నావు. ముట్టుకోమని అడగడం లేదు. నువ్వు చెప్పు, నేను ముట్టుకుంటాను.

మా అత్తయ్య బాగానే ఉంది. నీ మాట ఎత్తదు. ఆవిడ దృష్టిలో అది మర్యాద.

అక్క


పంపుల ఫ్యాక్టరీ, స్టోరు గది,
మార్చి 19

అక్కా,

ఫోన్ ఎత్తితే ఆరేళ్ళ కిందటి సంగతి వస్తుంది. కాగితం మీదైతే మోటారు దగ్గరే ఆగిపోవచ్చు. కాబట్టి ఇలాగే రాయి.

నా పని సంగతి నువ్వు అడగలేదు గానీ చెప్తాను. నట్లు, బోల్టులు లెక్కపెట్టి వర్క్‌షాపులోకి ఇవ్వడం. ఏ డబ్బా అయినా రెండుసార్లు లెక్కపెడతాను. అందుకని మా ఫోర్మన్ నన్ను "రెండుసార్లు" అని పిలుస్తాడు. రేవులో "స్పానరు" అనేవాళ్ళు, ఇక్కడ "రెండుసార్లు" అంటారు. పేర్లకి కొదవ లేదు.

ఇంజను ముసలిదైందన్న మాట పని రాని మెకానిక్కుకి ఊతకర్ర. దాన్ని నమ్మకు. పడవని ఒడ్డు మీదకి లాగించు. వెనక తగిలించిన మోటారు నిటారుగా దించు. వంకర లేని పొడుగాటి చెక్క ఒకటి తీసుకుని, పడవ అడుగున మధ్య దూలానికి ఆనించి, వెనక్కి మోటారు దాకా జరుపు. ప్రొపెల్లర్‌కి సరిగ్గా పైన అరచెయ్యంత అడ్డపలక ఒకటి ఉంటుంది, నీళ్ళలోకి దిగే మోటారు కాలితో కలిపి పోతపోసినది. పైనున్న గాలిని ప్రొపెల్లర్ దాకా రానివ్వకుండా ఆపేది అదే. ఆ పలక నీ చెక్కకి ఎంత పైనుందో, ఎంత కిందుందో టేపుతో కొలిచి రాయి. మరీ కిందుంటే మోటారు కాలు నీళ్ళలో ఎక్కువ మునిగి పడవని వెనక్కి ఈడుస్తుంది. మరీ పైనుంటే ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు.

తర్వాత ప్రొపెల్లర్ మధ్యభాగం మీద తుప్పు గోకితే రెండు అంకెలు కనిపిస్తాయి. రెండో అంకె కావాలి. నిండు బరువుతో పిడి పూర్తిగా తిప్పినప్పుడు నిమిషానికి ఎన్ని చుట్లు చూపిస్తోందో మీటరు చూసి రాయి. ఉజ్జాయింపుగా వద్దు.

బావ నడుము ఎలా ఉంది? కాలు కొంచెమైనా కదులుతోందా?

తమ్ముడు


రేవు పక్క ఇల్లు,
ఏప్రిల్ 2

చిన్నోడా,

ఆదివారం పడవ ఒడ్డుకి లాగించాను. నేను టేపు పట్టుకుని దాని కింద దూరితే అత్తయ్య వాకిట్లోంచి, "ఏమే, పడవకి జాకెట్టు కుట్టిస్తున్నావా" అంది. అరగంట అలా మట్టిలో వెల్లకిలా పడుకున్నాను. నిజం చెప్పొద్దూ, లేవాలనిపించలేదు. ఆరేళ్ళలో పగటిపూట పడుకున్నది అప్పుడే.

పలక నా చెక్కకి ముప్పాతిక అంగుళం కింద ఉంది. మూడుసార్లు కొలిచాను, నీకంటే ఒకటి ఎక్కువే. ఫ్యాను మీద రెండో అంకె పంతొమ్మిది. చుట్లు చూసింది నర్సమ్మ. నేను చుక్కాని వదల్లేను కదా, ఆవిడ మీటరు పక్కన కూర్చుని, రోగి నాడి చూసినట్టు ఊపిరి బిగబట్టి చదివింది. పధ్నాలుగు మందితో నాలుగు వేల రెండు వందలు, అంతే. "ఇంతేనా ఉండాల్సింది" అని అడిగింది. మా తమ్ముడిని అడిగి చెప్తానన్నాను. "మీకు తమ్ముడున్నాడా" అంది. రోజూ నా పడవ ఎక్కే మనిషి. నీ గురించి నేను ఎవరికీ ఏమీ చెప్పలేదని అప్పుడు తెలిసింది.

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. నడుము అలాగే ఉంది. ఎడమ కాలు ఆనిస్తాడు, కుడికాలు మోయించుకుంటుంది. పొద్దున వరండాలో కుర్చీ వేస్తే సాయంత్రం దాకా రేవు చూస్తూ కూర్చుంటాడు. ఉత్తరం చదువుతుంటే ఒకచోట ఆగమన్నాడు. మంచినీళ్ళు కావాలన్నాడు. తెచ్చేసరికి కళ్ళు మూసుకున్నాడు. మిగిలింది వినలేదు.

ఏం చెయ్యాలో తొందరగా రాయి. అలిసిపోయాను, చిన్నోడా. పడవ ఈడుస్తున్నట్టు లేదు, నేనే దాన్ని ఈడుస్తున్నట్టుంది.

అక్క


స్టోరు గది,
ఏప్రిల్ 15

అక్కా,

నీ పడవకి రెండు జబ్బులు. ఇంజనుకి ఏ జబ్బూ లేదు.

మొదటిది ప్రొపెల్లర్. పంతొమ్మిది అంటే, ఒక్క చుట్టుకి పంతొమ్మిది అంగుళాలు ముందుకి దూకాలని చూస్తుంది. ఖాళీ పడవలో సరదాకి తిరిగేవాడికి సరిపోతుంది. బస్తా మోసేవాడిని పెద్ద పెద్ద అంగలు వెయ్యమంటే మొదటి అంగలోనే చతికిలబడతాడు. మీ ఇంజను నిండు బరువుతో అయిదు వేలు దాటాలి, అప్పుడే దాని బలం బయటికొస్తుంది. పదిహేను అంకె ఉన్నది వెయ్యి. ఒక్కో అంకె తగ్గితే చుట్లు నూట యాభై నుంచి రెండు వందల దాకా పెరుగుతాయి. నేనున్నప్పుడు దానికి పదిహేనే ఉండేది. పంతొమ్మిది ఎవరు వేశారు?

రెండోది ఎత్తు. మోటారు బ్రాకెట్‌కి అటూ ఇటూ పైనుంచి కిందికి నాలుగేసి చిల్లులుంటాయి. మొదటి చిల్లులో, అంటే అన్నిటికంటే పైదాంట్లో బోల్టు వేస్తే మోటారు బాగా కిందికి దిగుతుంది. రెండోదాంట్లో వేస్తే ముప్పాతిక అంగుళం పైకి లేస్తుంది. మూడోదానికి, నాలుగోదానికి ఇంకా పైకి. నీ కొలత ప్రకారం ఇప్పుడది మొదటి చిల్లులో ఉంది. రెండోదానికి మారిస్తే పలక నీ చెక్కతో సమానంగా వస్తుంది. మనుషుల్ని ఎక్కించుకుని మలుపులు తిరిగే ఈ పడవకి అదే సరైన చోటు. నేను బిగించింది రెండో చిల్లులో. బోల్టు తల మీంచి బ్రాకెట్ మీదికి నీ గోళ్ళరంగుతో గీత కూడా గీశాను, బోల్టు వదులైతే గీత విడిపోయి తెలుస్తుందని. సీసా ఖాళీ చేశానని వారం రోజులు తిట్టావు.

రెండో చిల్లులోనే వేశానని ఆరేళ్ళుగా అనుకుంటున్నాను. వేశానా అని కూడా ఆరేళ్ళుగా అనుకుంటున్నాను.

సరే. రెండూ ఒకేసారి మార్చకు, ఏ మందు పనిచేసిందో తెలియదు. ముందు ప్రొపెల్లర్ మార్చి వారం రోజులు నడిపి చూడు. ఎత్తు మార్చేముందు బ్రాకెట్ మీద ఉప్పు, మడ్డి శుభ్రంగా గోకి, ప్రతి చిల్లు చుట్టూ పగుళ్ళు ఉన్నాయేమో చూడు. పల్చటి కాగితం దాని మీద పరిచి పెన్సిలుతో రుద్దు. చిన్నప్పుడు నాణేల మీద రుద్దేవాళ్ళం కదా, అలా. వాషరు అచ్చులు, పగుళ్ళు అన్నీ కాగితం మీదికి వస్తాయి. అది పంపు. కళ్ళతో చూస్తే తప్ప మోటారు పైకి లేపమని చెప్పను. ఒకసారి చూడకుండా నమ్మినందుకు చాలు.

తమ్ముడు


రేవు పక్క ఇల్లు,
మే 3

చిన్నోడా,

పదిహేను దొరకడానికి పది రోజులు పట్టింది. పాత పడవలు విప్పేవాళ్ళ కొట్టులో, మూలన పడి ఉంది. రెక్క అంచు ఒకటి కొంచెం వంగి ఉంటే సరిచేయించి వేశాను.

మొదటి ట్రిప్పులోనే తేడా తెలిసింది. రేవు దాటగానే పడవ ముక్కు దించి నీళ్ళ మీదికి తేలింది. చుట్లు అయిదు వేలు. నర్సమ్మ మీటరు చూసి చప్పట్లు కొట్టబోయి, పంతుళ్ళు చూస్తున్నారని మానేసింది. ముప్పై మూడు నిమిషాలు. నలభై రెండు నుంచి ముప్పై మూడు. ఇంకో మూడు నిమిషాలు తగ్గితే చాలు, మేం బతికిపోతాం.

బ్రాకెట్ గోకాను. పగుళ్ళు ఏమీ లేవు. పెన్సిలు అచ్చు తీశాను గానీ కాగితం నీళ్ళలో పడి తడిసిపోయింది. మళ్ళీ తియ్యడానికి తీరిక లేదు. మోటారు మొదటి చిల్లుకి దించింది నేనే. మీ బావకి అలా అయ్యాక భయమేసింది, ఎంత కిందుంటే అంత మంచిదనుకున్నాను. ఆ పంతొమ్మిది ఫ్యాను ఎప్పుడో మార్చాం, సరిగ్గా గుర్తు లేదు.

ఇప్పుడు రెండో చిల్లులో వెయ్యనా? ఆ ఒక్క ముక్క రాయి. మిగతా పాత సంగతులు తవ్వుకుని ఏం లాభం? పరీక్షకి ఆరు వారాలే ఉంది.

మీ బావ నిన్ను అడిగినట్టు రాయమన్నాడు. ఈ కవరు తనే అంటిస్తానని తీసుకున్నాడు. కూర్చుని కూర్చుని విసుగొస్తోంది, ఏదో ఒక పని చెప్పమంటాడు.

అక్క


స్టోరు గది,
మే 14

అక్కా,

కాగితం తడిసిపోయిందని రాశావు. నీ ఉత్తరంతోపాటు కవర్లో నాలుగు మడతలు పెట్టిన పల్చటి కాగితం ఒకటి ఉంది. ఎక్కడా తడి లేదు. మూల మీద నీ చేతిరాతతో "కుడి వైపు" అని ఉంది.

స్టోరు బల్ల మీద పరిచి మూడు రోజులుగా చూస్తున్నాను. మొదటి చిల్లు చుట్టూ కొత్త అచ్చు. అది నీది. రెండో చిల్లు చుట్టూ పాతది, గుండ్రంగా, సమంగా. దాని పక్కన సన్నగా పొక్కులా లేచిన చిన్న గీత కూడా పెన్సిలుకి దొరికింది. అది గోళ్ళరంగు. అంటే నేను రెండో చిల్లులోనే వేశాను. మూడోది శుభ్రంగా ఉంది. నాలుగోదాని చుట్టూ ఒకవైపు లోతుగా, ఒకవైపు తేలిగ్గా అచ్చు ఉంది. కొలత చూసుకోకుండా, తొందరలో, బలంకొద్దీ తిప్పినవాడు వేసిన అచ్చు అది. దాని పక్కన గీత లేదు.

నాలుగో చిల్లులో వేస్తే పలక ఒకటిన్నర అంగుళం పైకి లేస్తుంది. ఖాళీ పడవతో జోరుగా మలుపు తిప్పితే ప్రొపెల్లర్ గాలి మింగి, నీళ్ళమీద పట్టు వదిలేస్తుంది. బావకి జరిగింది అదే.

ఆ రోజు ఆసుపత్రి వరండాలో మీ అత్తగారు, "నా కొడుకు కాలు నీ స్పానరు తీసేసింది" అన్నప్పుడు ఒప్పుకున్నట్టే మెట్లు దిగి వచ్చేశాను. మోటారు మరీ ఎత్తులో ఉందని రేవు ఆఫీసరు రాశాడు. మోటారు వాళ్ళ స్వాధీనంలో ఉంది, నాకు చూపించలేదు. చిల్లులు లెక్కపెట్టడంలో నేనే పొరపాటు పడ్డాననుకున్నాను. ఇరవై మూడేళ్ళ వయసు నుంచి చేసిన పని. ఆ రోజు నుంచి నా వేళ్ళని నేను నమ్మలేదు. అయిదు బోల్టులు ఇమ్మంటే రెండుసార్లు లెక్కపెట్టి ఇస్తాను, ఇచ్చాక కూడా వెనకాలే వెళ్ళి మళ్ళీ చూసి వస్తాను.

నాలుగో చిల్లులో ఎవరు వేశారు?

దీనికి జవాబు వచ్చేదాకా మోటారు గురించి ఒక్క ముక్క రాయను.

తమ్ముడు


రేవు పక్క ఇల్లు,
మే 25

చిన్నోడా,

నాలుగో చిల్లులో వేసింది మీ బావ. వెయ్యమన్నది నేను.

నువ్వు విడిభాగాల కోసం రెండు రోజులు ఊరికి వెళ్ళావు. ఆ పొద్దున టీ కొట్టు దగ్గర పెద్ద పడవ డ్రైవరు మీ బావని, "నీది పడవ కాదయ్యా, పిల్లల ఉయ్యాల" అన్నాడు. ఆ మాట మీ బావకి ముల్లులా గుచ్చుకుంది. మధ్యాహ్నానికల్లా ఎక్కడినుంచో పంతొమ్మిది ఫ్యాను తెచ్చాడు. మోటారు కూడా పైకి లేపితే ఇంకా జోరు వస్తుందని ఎవరో చెప్పారట. మోకు వేసి లేపాం. మోటారు కాలు కింద చెక్క పట్టుకున్నది నేను. "మూడోదాంట్లో వెయ్యనా, నాలుగోదాంట్లోనా" అని అడిగాడు. చేతులు నొప్పెడుతున్నాయి, పొయ్యి మీద ఏదో మాడుతోంది. "పైకే కదా కావాలి, చివరిదాంట్లో వేసి పడెయ్" అన్నాను. అంత తేలిగ్గా అన్నాను.

గంట తర్వాత ఖాళీ పడవతో రేవు మలుపు తిప్పుతుంటే ఇంజను ఒక్కసారిగా కీచుమంది. పడవ పక్కకి జారిపోయి రాళ్ళ కట్టకి కొట్టుకుంది. నేను ఒడ్డు మీదే ఉన్నాను.

రేవు ఆఫీసరు వచ్చి, "మోటారు ఎవరు బిగించారు" అని అడిగాడు. యజమానే ఇష్టం వచ్చినట్టు మార్చాడంటే పర్మిట్ అక్కడికక్కడే పోతుంది. "మా తమ్ముడు" అన్నాను. ఆ పడవకి మోటారు బిగించింది నువ్వే కదా, అబద్ధం కాదులే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అత్తయ్య నిన్ను ఆ మాట అన్నప్పుడు నువ్వు నా వైపు చూశావు. నేను నీకు మూడు అడుగుల దూరంలో ఉన్నాను. నేల చూశాను.

మంచం మీద మనిషిని, ముసలావిడని పోషించాలంటే పర్మిట్ ఉండాలనుకున్నాను. నువ్వు చేతిపని ఉన్నవాడివి, ఎక్కడైనా బతుకుతావనుకున్నాను. ఆ చేతి మీద నమ్మకం తప్ప నీకు వేరే ఆస్తి లేదని నాకు తట్టలేదు. తట్టలేదని రాయడం కూడా అబద్ధమే. తట్టింది. తట్టినా ఊరుకున్నాను. ఆరేళ్ళు కక్కలేక మింగలేక గడిపాను.

మీ బావకి స్పృహ వచ్చేసరికి నువ్వు వెళ్ళిపోయావు. జరిగింది చెప్పాను. "వాడికి రాద్దాం" అన్నాడు. పర్మిట్ కొత్తగా రాయించుకున్నాక రాద్దామన్నాను. తర్వాత ఇంకో ఏడాది ఆగుదామన్నాను. తర్వాత ఆయన అడగడం మానేశాడు.

నువ్వడిగిన పెన్సిలు అచ్చు తడవలేదు. తీసి చూడగానే నాలుగో చిల్లు చుట్టూ ఉంగరంలాంటి అచ్చు కనిపించింది. సొరుగులో దాచి నీకు ఆ అబద్ధం రాశాను. మీ బావ చూసినట్టున్నాడు. కవరు తను అంటిస్తానన్నది అందుకే. అడిగితే, "కుర్చీలోంచి లేవలేనని అందరికీ తెలుసు గానీ, చెయ్యి చాచగలనని నువ్వు మర్చిపోయావు" అన్నాడు.

మోటారు గురించి ఇక నువ్వు ఏమీ రాయక్కర్లేదు.

అక్క


రేవు పక్క ఇల్లు,
జూన్ 19

చిన్నోడా,

మూడు వారాలు దాటింది, నీ దగ్గర్నుంచి ఏమీ రాలేదు. రాకపోవడమే న్యాయం. అయినా నిన్న జరిగింది నీకు తెలియాలి.

పదో తారీఖున మోటారు రెండో చిల్లుకి మార్చాను. పంతుళ్ళిద్దరూ మోకు లాగారు. మీ బావని కుర్చీతో సహా ఒడ్డు దాకా మోసుకొచ్చాం. ఆయన పైనుంచి వేలితో లెక్కపెట్టి, "ఒకటి, రెండు, ఇక్కడ" అన్నాడు. బోల్టులు నేనే బిగించాను. చెక్క పెట్టి చూస్తే పలక సమానంగా వచ్చింది. మలుపుల్లో జోరుగా తిప్పి చూశాను, పట్టు వదల్లేదు.

నిన్న పరీక్షకి ముందే రేవు ఆఫీసులో కాగితం ఇచ్చాను. ఆరేళ్ళ కిందటి రిపోర్టు తప్పని, మోటారు ఎత్తు మార్చింది మేమిద్దరమని, మా తమ్ముడు ఊళ్ళో లేడని అందులో రాశాను. నెగ్గాక ఇద్దామని ఒక క్షణం అనిపించింది. ఆ బుద్ధి ఎక్కడిదో నాకు తెలుసు కాబట్టి ముందే ఇచ్చేశాను. ఆఫీసరు కొత్తవాడు. కాగితం రెండుసార్లు చదివాడు. "అమ్మా, దీన్ని వెనక్కి తీసుకోండి, ముందు పరీక్ష కానివ్వండి" అన్నాడు. తీసుకోలేదు.

పధ్నాలుగు మంది ఎక్కారు. పోటుకి ఎదురు. ఇరవై ఎనిమిది నిమిషాలు. నర్సమ్మ ఈసారి చప్పట్లు కొట్టింది.

కానీ పర్మిట్ చేతికి రాలేదు. పాత కేసు తిరగతోడాలట. అసలు మెకానిక్కు స్వయంగా వచ్చి చెప్పి, మోటారు చూసి సంతకం పెడితే అప్పుడు ఆలోచిస్తారట. నెల గడువు ఇచ్చారు. లేకపోతే దారి పెద్ద పడవ వాళ్ళదే.

నిన్ను రమ్మని అడగను. అడిగే మొహం నాకు లేదు. పర్మిట్ పోతే పోతుంది, ఇంకేదో పని చేసుకుంటాం. ఈ పర్మిట్ కోసం నిన్ను ఒకసారి అమ్మేశాను, రెండోసారి అమ్మను.

సంగతి అత్తయ్యకి మీ బావే చెప్పాడు. ఆవిడ పొయ్యి దగ్గరికి వెళ్ళి అన్నం గిన్నె దించింది. తర్వాత, "వాడికి అక్కడ వేళకి తిండి పెట్టేవాళ్ళు ఎవరైనా ఉన్నారా" అని అడిగింది. తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

బోల్టులు బిగిసే ఉన్నాయి గానీ గీత గియ్యలేదు. ఆ గీత నీది.

అక్క

బావమరిదీ, ఈ కింది భాగం నేను రాస్తున్నాను. రాత అలవాటు తప్పింది, సర్దుకుని చదువు. ఆ రోజు నా కాలు పోయింది కాబట్టి నా తప్పుకి నేను చెల్లించేశానని అనుకుంటూ వచ్చాను. అవతల నీ చెయ్యి కూడా పోయిందని అనుకోలేదు. మీ అక్క ఒక్కతే దాచిందనుకోకు. ఆరేళ్ళలో ఒక ఉత్తరం రాయడానికి కాళ్ళతో పనేముంది? నేనూ రాయలేదు.
బావ


స్టోరు గది,
జూన్ 30

అక్కా,

మే నెల ఉత్తరానికి మూడు జవాబులు రాసి మూడూ చించేశాను. వాటిలో ఉన్న మాటలు నీకు తెలియకపోవడమే మంచిది.

క్షమించానని రాయలేను. రాస్తే ఆ కాగితం కూడా సొరుగులో పెట్టుకుని హాయిగా నిద్రపోతావు. కొన్నాళ్ళు నిద్రపోకు. నేను ఆరేళ్ళు నిద్రపోలేదు. నాకు కోపం ఉంది, కానీ దాన్ని మొయ్యడానికి కూడా ఓపిక లేదు. ఇంత అలసటగా ఉన్నప్పుడు మనిషి సరిగ్గా కోప్పడలేడని ఇప్పుడే తెలిసింది.

మొన్న వర్క్‌షాపులోంచి రెండు వందల నలభై బోల్టులు కావాలని చీటీ వచ్చింది. డబ్బాలోంచి తీసి, లెక్కపెట్టి, కిటికీలోంచి ఇచ్చేశాను. ఫోర్మన్ చీటీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "రెండోసారి?" అన్నాడు. అక్కర్లేదన్నాను. ఆయన అక్కడే నిలబడి తనే లెక్కపెట్టుకున్నాడు. సరిపోయాయి.

పన్నెండో తారీఖు పొద్దున బస్సుకి వస్తాను. నాలుగు రోజులే సెలవు. సంతకం నీ కోసం అనుకోకు. మధ్యాహ్నంపూట గుండెనొప్పి వచ్చేవాళ్ళ కోసం, నా పేరు కోసం. రాళ్ళ కట్ట దగ్గర మలుపు నేనే తిప్పి చూడాలి, తిప్పాకే సంతకం. బావని కూడా పడవలో కూర్చోబెట్టుకుంటాను. రానంటే కుర్చీతో సహా ఎక్కిస్తాను. మీ అత్తగారికి చెప్పు, ఇక్కడ తిండి బాగానే పెడతారు, వేళ ఒక్కటే ఉండదు.

నేను వచ్చేదాకా ఆ బోల్టుల మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వకు, నీతో సహా. నాలుగో చిల్లు చుట్టూ ఉన్న అచ్చు గోకెయ్యకు, ఆఫీసరుకి చూపించాలి. గోళ్ళరంగు సీసా ఒకటి కొనిపెట్టు. ఎర్రదే తీసుకో. ఈసారి ఖాళీ చేశానని తిట్టకు.

స్పానరు